నాలుగో మూల

మా గల్లీలో ఎవరింట్లో ఏ చీర ఎప్పుడు చిరిగిందో తెలిసినవాళ్లం ఇద్దరమే: నేనూ, ఖమర్ చాచీ. నేను రవికెలు కుడతాను, ఆమె బొంతలు కుట్టేది. బట్ట కొత్తగా ఉన్నప్పుడు నా దగ్గరికి వచ్చేది, పనికిరాకుండా పోయాక ఆమె దగ్గరికి చేరేది. నా షాపు రాందాస్ చౌరస్తా నుంచి లోపలికి రెండో గల్లీలో. ఎదురుగానే, మామూలు గొంతుతో పిలిచినా వినపడేంత దూరంలో, ఆమె ఒంటి గది.

'కుట్టేది' అంటున్నానంటే ఇప్పుడు కుట్టడం లేదని మీకు అర్థమయ్యే ఉంటుంది. ఎందుకని గల్లీలో ఎవరిని అడిగినా చెబుతారు. ముసల్దానికి చూపు మందగించింది, పెట్టకూడని ముక్క పెట్టింది, ఒక పసిగుడ్డు పోయింది అంటారు. అందరూ తప్పే చెబుతారు. ఉన్నది ఉన్నట్టు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నా మీద ఎవరూ జాలి పడక్కర్లేదు. జాలి పడే కథ కాదిది, నాది అసలే కాదు.

ముందు ఆమె పని సంగతి చెప్పాలి. చిరిగిన లుంగీ ఇస్తే వారం తిరిగేసరికి గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా అయ్యేది. పిల్లల పాత యూనిఫాంలు కూరగాయల సంచులయ్యేవి. నైటీలు దిండు గలేబులు, తువ్వాళ్లు వేడి గిన్నెలు దించే మసిగుడ్డలు. కానీ ఆమె పేరు నిలబడింది మాత్రం బొంతలతోనే. పాత చీరలు ఐదో ఆరో పరిచి, నాలుగు అంచులకూ టాకాలు వేసి, గోడవారగా కూర్చుని, బియ్యపు గింజంత కుట్టు పక్కన బియ్యపు గింజంత కుట్టు. మిషన్ ముట్టుకునేది కాదు. మిషన్ కుట్టు గట్టిపడి పసిపిల్లల వీపుకు గుచ్చుకుంటుందనేది. నా మిషన్‌ను నా ముందే తిట్టేది, నేను నవ్వేదాన్ని.

ఆమెకొక నియమం ఉంది. ఏ బట్ట ఎవరిదో చెప్పందే సూది గుచ్చేది కాదు. పాపన్నపేట నుంచి షేర్ ఆటోలో మూటలు వేసుకొచ్చే ఆడవాళ్లను కూడా కూర్చోబెట్టి, ఒక్కో చీరా విప్పి అడిగేది. "ఇది ఎవలు కట్టిండ్రు? ఆమె మంచిగున్నదా?" పోయినవాళ్ల బట్ట అని తేలితే మడిచి పక్కన పెట్టేది. "ఇది బీదోళ్లకు ఇయ్యుండ్రి. ఎవలన్న తొడుక్కుంటరు. పండుకునే దాంట్లకు వద్దు" అనేది. మనవాళ్లకూ అదే పట్టింపు కాబట్టి ఎవరూ ఏమీ అనేవారు కాదు. పైగా, ఆమె అడుగుతుంది కాబట్టే ఆమె బొంత మీద నిశ్చింతగా పడుకోవచ్చని చెప్పుకునేవారు. చదువు లేదు, సంపాదన లేదు, మొగుడు ముజఫర్ పోయి పదేళ్లు. ఆమెకున్నదల్లా ఆ నమ్మకమే.

కొత్త ముక్క అయితే మాత్రం అడగక్కర్లేదు. ఎవరి ఒంటికీ తగలని బట్ట ఎవరిదీ కాదు. అందుకే బొంత నాలుగు మూలలకూ పెట్టే ముక్కోణపు ముక్కల్ని నా దగ్గరే తీసుకునేది. మూలల్లో రంగు లేకపోతే బొంత బోసిగా ఉంటుందని ఆమె అభిప్రాయం. నా కటింగ్ బల్ల కింద ఒక గోనె సంచి ఉంటుంది. రవికె కత్తిరించగా మిగిలిన పేలికలన్నీ అందులోకే.

ఇక నా అలవాటు ఒకటి. లెక్కల పుస్తకాలు నాకు అచ్చిరావు. అందుకే ఎవరి రవికె అయినా వీపు భాగంలో, లోపలి వైపు, నీలం స్కెచ్ పెన్నుతో పేరు రాసేస్తాను. ఉతికితే పోతుంది. ఖమర్ చాచీకి ఉర్దూ వచ్చు, తెలుగు చదవడం రాదు. నా పేలికల మీద ఎప్పుడూ ఏవో గీతలూ అంకెలూ ఉంటాయి కాబట్టి ఆమె వాటిని పట్టించుకునేది కాదు.

రెండేళ్ల కిందట హవేలిఘనపూర్ నుంచి అంకిత అనే పిల్ల వచ్చింది. ఆరో నెల కడుపు. సీమంతానికని చిలకపచ్చ పట్టు రవికె గుడ్డ ఇచ్చింది, జరీ అంచు. కొలత తీసుకుంటుంటే చక్కిలిగింత పెట్టినట్టు నవ్వింది. "జర వదులుగ పెట్టు అక్కా, అప్పటికి ఇంకింత లావైత" అంది. వదులుగానే పెట్టాను. సీమంతానికి అందియ్యలేకపోయాను, పెళ్లిళ్ల రద్దీ. కాన్పు తర్వాత తీసుకుంటాలే అని ఫోన్‌లో అన్నది, కోపం లేకుండా. కాన్పులోనే పోయింది.

ఆ రవికె ఎనిమిది నెలలు నా షాపులో తీగకు వేలాడింది. వాళ్లవాళ్లెవరూ రాలేదు, నేను పిలవలేదు. ఎవరైనా కడుపుతో ఉన్న ఆడపిల్ల షాపులోకి వస్తే నా కళ్లు ముందు దాని మీదికే పోయేవి. చివరికి దసరాకు షాపు దులిపినప్పుడు కత్తెర తీసుకుని ముక్కలు చేసి సంచిలో పడేశాను. మసిగుడ్డలకైనా వస్తాయనుకున్నాను. అప్పుడు చేతులు దులుపుకుని టీ తాగాను, బాగా గుర్తు.

పోయిన మాఘమాసంలో బాలలక్ష్మక్క ఖమర్ చాచీ గదికి వచ్చింది. మా గల్లీ చివర మేడ ఆమెదే. కొడుకు రఘుపతి విత్తనాల దుకాణంలో పని చేస్తాడు. కోడలు స్వరూపకు రెండుసార్లు నిలవలేదు, ఇది మూడో కడుపు, తొమ్మిదో నెల. బాలలక్ష్మక్క నోరు పెద్దది. ఆమె మాట్లాడితే గల్లీ అంతా ఆమె ఇంట్లోనే ఉన్నట్టు ఉంటుంది. ఆ రోజు మాత్రం నెమ్మదిగా మాట్లాడింది. మూట విప్పి ఏడు నేత చీరలు తీసింది. వాళ్లమ్మ సాయవ్వవి. తొంభై ఆరేళ్లు, ఇంకా శివ్వంపేటలో తన అన్నం తనే వండుకుంటుంది. నూరేళ్లకు దగ్గరపడ్డ మనిషి కట్టి మెత్తబడ్డ బట్టలో పడుకోబెడితే పిల్ల నిలుస్తుందని ఆమె ఆశ. పుట్టిన బిడ్డను కొత్త గుడ్డలో మనమెవరం పడుకోబెట్టం కదా.

"ఇండ్ల వేరే ఇంటి పోగు ఒక్కటి గూడ కలవొద్దు ఖమరమ్మా" అన్నది. "మా అమ్మది తప్ప."

"కలవది" అన్నది చాచీ. "మూలలకు కొత్త ముక్కలు పెడ్త. కొత్తయి ఎవరియి గావు. దాంతోని ఫరక్ పడదు గదా?"

"కొత్తయి అయితే పెట్టు."

ఆ మధ్యాహ్నమే చాచీ నా షాపుకు వచ్చింది. నా ముందు పదకొండు రవికెలు, సాయంత్రానికి ఇవ్వాల్సినవి. కాలు మిషన్ మీద, నోట్లో గుండుసూదులు. ఆమె సంచి ముందు కూర్చుని నాలుగు రంగుల ముక్కలు ఏరుకుంది. వాటిని నా వైపు చూపించి అడిగింది. "అరుణా, ఇవి కొత్తయే గదా? ఎవరియి గావు గదా బేటీ?"

నేను తల ఎత్తలేదు. "కొత్తయే చాచీ. ఎవ్వరియి గావు. తీస్కపో" అన్నాను.

అప్పుడు అంకిత రవికె నాకు గుర్తుకు లేదు. ఇది నిజం. ఇందులో నేను చెప్పిన నిజం ఇదొక్కటే కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

పన్నెండు రోజులకు బొంత పూర్తయింది. చాచీ దాన్ని రెండు చేతుల మీదా వేసుకుని గల్లీ దాటి నాకు చూపించడానికి తెచ్చింది. వెనకాలే బాలలక్ష్మక్క. నేనింతవరకు అలాంటి పని చూడలేదు. ఏడు చీరలూ ఒక్క గుడ్డ అయిపోయాయి. చేత్తో నిమిరితే ముడి తగలదు. చాచీ ఒక్కో మూలా ఎత్తి చూపించింది. ఎరుపు. పసుపు. నీలం. నాలుగో మూల చిలకపచ్చ.

జరీ అంచు పక్కనే రవికె ఒంటికి అమరాలని నేను వేసిన డాట్ కుట్టు ఊడదీసిన గుర్తు, సన్నగా, సూది చుక్కల వరసలా ఉంది. ఇంకెవరికీ కనపడదు. కుట్టిన చేతికి కనపడుతుంది.

అప్పుడే చెప్పాల్సింది. చాచీ, ఆ మూల విప్పు, వేరే ముక్క ఇస్తాను అంటే సరిపోయేది. పది నిమిషాల పని. కానీ బాలలక్ష్మక్క అక్కడే నిలబడి ఉంది. ఎందుకు అని అడుగుతుంది. ఎవరిది అని అడుగుతుంది. కాన్పులో పోయినదాని రవికె నీ దగ్గర ఎందుకున్నది, దాన్ని సంచిలో ఎందుకు వేసినవ్ అని అడుగుతుంది. నాకు పనిచ్చేవాళ్లు ఎవరనుకున్నారు? పెళ్లికూతుళ్లు, సీమంతాలవాళ్లు, పసుపు కుంకుమల వాళ్లు. ఈ మాట బయటికి పోతే నా షాపు మెట్టు ఎవరెక్కుతారు? అంతలోనే నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ పిల్ల దాన్ని ఒక్కసారి కూడా తొడుక్కోలేదు. ఒంటికి తగలని బట్ట కొత్త బట్టే. చాచీ నియమం ప్రకారం కూడా తప్పు లేదు.

"మస్తున్నది చాచీ" అన్నాను.

ఆడపిల్ల పుట్టింది. మూడో రోజుకు కళ్లు పచ్చబడ్డాయి. గల్లీలో ఉన్న నాకే తెలిసింది అవి కామెర్లని. పొద్దుటి ఎండలో పెట్టారు. ఏదో పసరు తెచ్చి పోశారు. దవఖానకు తీసుకుపోదామని రఘుపతి అంటే, పురుడు కాకుండా పసిదాన్ని గడప దాటించొద్దని బాలలక్ష్మక్క అడ్డం పడింది. ఎనిమిదో రోజు సాయంత్రం పిల్ల పాలు తాగడం మానేశాక పట్నం పెద్ద దవఖానకు పరుగెత్తారు. రెండు రోజుల ముందు తెచ్చినా బతికేదని అక్కడి డాక్టరమ్మ చెప్పిందట. తొమ్మిదో రోజు పిల్లను తెచ్చి ఊరవతల పూడ్చిపెట్టారు.

'రెండు రోజుల ముందు' అన్న మాటను బాలలక్ష్మక్క ఎక్కడ పెట్టుకోవాలి? కడుపు కాలిన మనిషి, ఇంట్లో కోడలు ముఖం చూడలేదు, కొడుకు ముఖం చూడలేదు. ఆ మాటను దించుకోవడానికి ఆమెకు ఇంకెవరో కావలసి వచ్చారు. నాకు ఆమె మీద కోపం రావడం లేదు. కోపమంతా ఒకచోటే ఖర్చయిపోయింది.

పిల్లను పూడ్చిన నాలుగో రోజు పొద్దున పదకొండు గంటలకు బాలలక్ష్మక్క బొంత పట్టుకుని వచ్చింది. వెనకాల రఘుపతి, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు. చాచీ గుమ్మంలో కూర్చుని పట్టాకు అంచు కుడుతోంది. బాలలక్ష్మక్క బొంతను ఆమె ముందు పడేసింది.

"నా మనుమరాలిని తిన్నది ఇండ్ల ఉన్నది" అన్నది. "విప్పు."

చాచీ లేచి నిలబడింది. "ఏమున్నది అక్కా ఇండ్ల? సాయవ్వ చీరలే. నువ్విచ్చినయే."

"గయితే విప్పితె ఏమైతది? విప్పు, చూస్త."

చాచీ బ్లేడు కోసం లోపలికి పోబోయింది. బాలలక్ష్మక్క చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వొద్దు. నువ్వు ముట్టకు. అరుణా! నువ్వు రా. నువ్వు విప్పు."

నేను బ్లేడు పట్టుకుని గల్లీ దాటాను. ఆ ఆరడుగులు దాటడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు.

చాచీ గుమ్మం ముందు చాప పరిచారు. నేను బొంత పరుచుకుని కూర్చున్నాను. గల్లీ మొత్తం చుట్టూ మూగింది. నేను ఎర్ర మూలతో మొదలుపెట్టాను. కుట్టు కింద బ్లేడు దూర్చి ఒక్కో పోగూ తెంపుతుంటే, ఆ బియ్యపు గింజలన్నీ పుటుక్కు పుటుక్కుమని ఊడుతున్నాయి. పన్నెండు రోజుల పని. చాచీ నా ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుని నా చేతుల్నే చూస్తోంది. ఆమె ముఖంలో భయం లేదు. తప్పు చెయ్యని మనిషి పరీక్షకు కూర్చున్నట్టు, ఎప్పుడు అయిపోతుందా అని చూస్తోంది. నేను తల దించుకుని తర్వాతి పోగు తెంపాను.

మొదటి చీర. "అమ్మదే" అన్నది బాలలక్ష్మక్క. రెండో చీర. "అమ్మదే." ఎర్ర ముక్క తిప్పి చూశారు. ఏమీ లేదు. పసుపు ముక్క. నీలం ముక్క. ఏమీ లేదు. ఏడు చీరలూ తేలిపోయాయి, ఏడూ సాయవ్వవే. మూగినవాళ్లలో ఎవరో "పాపం ఖమరమ్మ" అన్నారు కూడా. బాలలక్ష్మక్క గొంతు తగ్గింది. ఇంక నాలుగో మూల ఒక్కటే. దాన్ని నేను బొటనవేలి కింద అదిమిపెట్టి, "అయిపాయె అక్కా, ఏం లేదు" అంటూ లేవబోయాను.

చాచీ చూసింది. నా బొటనవేలిని చూసింది. "గదొక్కటి ఎందుకు ఇడిసిపెడ్తవ్ బేటీ? అది గూడ ఇప్పు. మనసుల ఏం ఉండొద్దు" అన్నది.

ఆమెనే అన్నది.

విప్పాను. ముక్క ఊడింది. లోపలికి మడిచిన వైపు నీలం స్కెచ్ పెన్ను అక్షరాలు. ఉతకని బట్ట, మొన్న రాసినట్టే ఉన్నాయి. రఘుపతి వంగి నా చేతిలోంచి తీసుకున్నాడు. అన్నం తినని గొంతుతో చదివాడు.

"అంకిత."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒకామె నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఘనపూర్ పిల్లనా? పోయినేడు కాన్పుల పోయింది గదా!"

బాలలక్ష్మక్క అరవలేదు. అరిస్తే బాగుండేది. కూర్చున్నచోటే కూలబడి, "బాలింత చచ్చిన దాని బట్టల పండవెట్టిన, నా చేతులతోని పండవెట్టిన" అని తన చేతులు తను చూసుకుంది. అందరూ చాచీ వైపు తిరిగారు. చాచీ నా వైపు తిరిగింది.

"అరుణా, నువ్వు కొత్తయే అన్నవ్ గదా" అన్నది. నిలదీసినట్టు కాదు. నువ్వు చెప్పు, వీళ్లకు తెలుస్తుంది అన్నట్టు.

నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో చాలాసార్లు ఆలోచించాను. వెతుక్కోలేదు, తడబడలేదు. తయారుగా నాలుక మీద పెట్టుకున్నట్టు వచ్చింది.

"అన్న చాచీ. కని పెన్నుతోని పేర్లు రాసినయి ఒకటి రెండు ఉన్నయి, అవి మసిగుడ్డలకు పెట్టిన, ముట్టకు అని గూడ చెప్పిన గదా. నీకు రాత కనవళ్లేదా?"

గల్లీ ఆ మాటను అందుకుంది. ఈ వయసులో ఏం కనపడతది అన్నారు. కనపడనప్పుడు ఎందుకు కుట్టాలి అన్నారు. ఒకడు, వాడి పేరు చెప్పను, ఆమె మతం ఎత్తి ఒక మాట అన్నాడు. ఇరవై ఏళ్లుగా ఆమె కుట్టిన బొంత మీదే పడుకున్నవాడు. నేను వాణ్ని కూడా ఆపలేదు.

చాచీ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుని, రఘుపతి చేతిలోని ముక్కను చూసింది.

"అట్లన్నవా?" అంది.

"అన్న."

"అయితె నాకే కనవళ్లేదేమో" అంది. తర్వాత బాలలక్ష్మక్క ముందు వంగి రెండు చేతులూ జోడించింది. "సూది నాది. తప్పు నాది అక్కా. నన్ను ఏమన్న అను."

బాలలక్ష్మక్క బొంత ముక్కలన్నీ పోగేసి, మురికి కాలువ పక్కన కుప్ప పెట్టి, అక్కడే నిప్పు పెట్టించింది. సాయవ్వ ఏడు చీరలూ పోయాయి. పచ్చ ముక్క కూడా అందులోనే పోయింది. నాకు ఊపిరి ఆడింది. సిగ్గులేదు కాబట్టి చెబుతున్నాను, నిజంగానే ఊపిరి ఆడింది.

ఆ తర్వాత చాచీ గదికి మూటలు రావడం ఆగిపోయింది. వచ్చిన ఒకరిద్దరినీ ఆమె తిప్పి పంపింది. "నాకు కండ్లు లేవు. ఇంకెవలకన్న ఇయ్యుండ్రి" అనేది. సగం కుట్టిన పట్టాలు కూడా అలాగే ఇచ్చేసింది. రంజాన్‌కు కొత్త బట్టలు కుట్టించుకునే పిల్లలు నా షాపు మెట్ల మీద వరస కట్టినప్పుడు, ఎదురుగా ఆమె గుమ్మంలో ఊరికే కూర్చుని వాళ్లను చూసేది. సూది లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒడిలో ఒకదాని మీద ఒకటి పెట్టుకునేది. ఆమెకు మెకానిక్ షెడ్లకు తుడుపు గుడ్డలు చింపే పని దొరికింది. బట్టను కుట్టిన చేతులతో బట్టను చింపడం. కిలోల లెక్కన.

నేను రోజూ చెబుదామనుకునేదాన్ని. ఇది కూడా అందరూ అనే మాటే. రోజూ అనుకునేవాళ్లు ఒక్కరోజూ చెప్పరు.

పది నెలలు గడిచాయి. స్వరూపకు మళ్లీ నెల తప్పింది. ఈసారి ఐదో నెల నుంచే దవఖానకు తీసుకుపోతున్నారు, అంతవరకు నయం. నిన్న కాక మొన్న బాలలక్ష్మక్క నా షాపుకు వచ్చింది. చేతిలో మూట. సాయవ్వ చీరలు ఇంకో నాలుగు.

"నువ్వు కుట్టు అరుణా" అంది. "చేతితోనే కుట్టు. నీ మీద నాకు నమ్మకమున్నది. నువ్వు గా దినం మంచిగ చెప్పినవ్, ఆమెనే ఇనలే. ఆమె చెయ్యి మాత్రం తగలొద్దు."

నాకు రాదని చెప్పొచ్చు. నిజంగానే రాదు. కానీ కాదంటే ఎందుకు అంటుంది. ఆ ఎందుకు అన్న మాటంటే నాకు ఇప్పటికీ భయమే. తీసుకున్నాను.

మరునాడు మధ్యాహ్నం షాపులో నేల మీద చీరలు పరిచి అంచు కుడుతుంటే గుమ్మంలో నీడ పడింది. చాచీ. చీరలు చూడగానే గుర్తుపట్టింది. ఎవరివి అని అడగలేదు. లోపలికి రాలేదు. మెట్టు మీదే కూర్చుని చేతులు రెండూ ఒడిలో పెట్టుకుంది.

"దూరం దూరం ఏస్తున్నవ్" అన్నది కాసేపటికి. "పసిపిల్ల వేళ్లు ఇరుక్కుంటయి. దగ్గర్కి ఎయ్యి. ముడి పైకి రానియ్యకు, రెండు పొరల నడుమ దాసిపెట్టు."

ఆమె చెప్పినట్టే చేశాను. దారం అయిపోయింది. కొత్త దారం తీసి సూదికి ఎక్కించబోయాను. నాకూ నలభై ఎనిమిది దాటాయి. ఒకసారి తప్పింది. రెండోసారి తప్పింది. నాలుకతో తడిచేసి మూడోసారి ప్రయత్నిస్తుంటే చాచీ విసుక్కుని, "ఇటియ్యి" అని నా చేతిలోంచి సూది తీసుకుంది. వెలుగుకు పట్టుకుంది. ఒక్కసారికే ఎక్కించింది. అద్దాలు కూడా పెట్టుకోలేదు, కొంగున ముడేసి ఉన్నాయి.

ఇద్దరం ఆ సూదిని చూశాం.

ఆమె దాన్ని నాకు ఇవ్వలేదు. అలాగే పట్టుకుని, నెమ్మదిగా, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు చెప్పింది.

"గా నీలం రాత నేను చూసిన అరుణా. మంచిగ చూసిన. కొలత రాసుకున్నవేమో అని లోపల్కి మడిచి కుట్టిన. గిది నాకు యాదికున్నది. కని అందరు కనవళ్లేదు కనవళ్లేదంటే, నేను గూడ కనవళ్లేదనే అనుకున్న." ఆగింది. "ముట్టకు అని నువ్వు నాకు చెప్పినవా బేటీ? జర యాది చేసి చెప్పు. నేను నీ మీద ఏం అంటలేను. నాకు తెలవాలె, అంతే."

గల్లీలో ఎవరూ లేరు. ఎవరూ వినడం లేదు. బాలలక్ష్మక్క ఇంటి తలుపు మూసి ఉంది. ఇంత సులువైన సమయం నాకు మళ్లీ రాదని అప్పుడే తెలుసు. మోకాళ్ల మీద సాయవ్వ చీరలున్నాయి.

"చెప్పిన చాచీ" అన్నాను.

ఆమె తల ఊపింది. చాలాసార్లు ఊపింది, లోపల ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు.

"అయితె కండ్లు గాదు" అన్నది. "నాకు మతి పోతున్నది. మా అమ్మకు గూడ గిట్లనే షురూ అయింది. ఆఖర్కి మమ్ముల గూడ గుర్తుపట్టలే." లేచి నిలబడడానికి గుమ్మాన్ని పట్టుకుంది. "మంచిగాయె నేను కుట్టుడు బంద్ జేసింది. ఇంకెవల పిల్లనో సంపుదును."

సూది నా అరచేతిలో పెట్టి, గల్లీ దాటి, గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

నేను చీర అంచు సరిచేసుకుని, ఆమె ఎక్కించి ఇచ్చిన దారంతోనే మొదటి వరస కుట్టాను.